కుదురుగా కూర్చోని పిల్లాడి తరఫున

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ విద్యాశాఖ మంత్రి గారికి,

నమస్కారం. మా అబ్బాయి నాలుగో తరగతి. వాడి డైరీలో ఎర్ర ఇంకుతో ఎక్కువసార్లు పడిన మాట 'కుదురుగా కూర్చోడు'. నిజమే, కూర్చోడు. వారానికి ఐదు పెన్సిళ్లు పోగొడతాడు. హోంవర్క్ అంతా చేసి, ఆ పుస్తకాన్నే మంచం మీద వదిలేసి బడికి పోతాడు. 'నాలుగు తగిలిస్తే వాడే దారికొస్తాడు' అని చుట్టాలంటే ఆ పనీ చేశాం. తలుచుకుంటే ఇప్పుడు సిగ్గేస్తుంది.

డాక్టరు గారు ఏడీహెచ్‌డీ (ధ్యాస నిలవకపోవడం, కుదురుగా ఉండలేకపోవడం) అని చెప్పాక ఇంట్లో పద్ధతి మార్చాం. కుక్కర్ రెండు విజిళ్లు వేసేదాకా లెక్కలు, తర్వాత పెరట్లో రెండు చుట్లు, మళ్లీ లెక్కలు. స్నానం, యూనిఫాం, బ్యాగు అన్నీ ఒక్క ఊపిరిలో చెప్పడం మానేసి ఒక్కో మాటే చెబుతున్నాం. మొన్న ఏడో ఎక్కం గదిలో ఈ మూల నుంచి ఆ మూలకి నడుస్తూ తప్పు లేకుండా అప్పజెప్పాడు. కూర్చోబెడితే ఏడు నాలుగుల దగ్గరే ఆగిపోతాడు.

బడిలో ముందు బెంచీ, మధ్యలో బోర్డు తుడిచే పని, పరీక్షలో కాస్త ఎక్కువ టైం అడిగాను. 'వైకల్యం సర్టిఫికెట్ ఉందామ్మా?' అన్నారు. చిక్కంతా అక్కడే. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో ఆటిజం ఉంది, అభ్యసన వైకల్యం ఉంది, ఏడీహెచ్‌డీ పేరు లేదు. మరోవైపు, 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పిల్లల్ని పరీక్షించే 30 సమస్యల్లో ఇదీ ఉంది. అంటే బడికొచ్చిన వైద్య బృందం గుర్తించొచ్చు, బడి మాత్రం సర్టిఫికెట్ అడుగుతుంది!

చట్టం మార్చడం ఢిల్లీ పని, తెలుసు. ముందు బెంచీకి చట్టం ఎందుకండీ? డాక్టరు చీటీ చూపిస్తే ఈ చిన్న వెసులుబాట్లు ఇవ్వాలని మీ శాఖ ఒక ఉత్తర్వు ఇస్తే చాలు. టీచర్ల శిక్షణలో ఒక్క రోజు దీనికి కేటాయించండి. వాళ్ల టీచరమ్మ మీద నాకు కోపం లేదు, ఆవిడ గదిలో 40 మంది పిల్లలు. కొట్టడాన్నే కాదు, మానసికంగా వేధించడాన్నీ విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ నిషేధించింది. బెత్తం తగ్గింది గానీ 'కోతి' అని పిలవడం తగ్గలేదు. వాడు ఆ మాట ఇంటికి తెచ్చుకుంటున్నాడు.

జూన్‌లో ఐదో తరగతికి వెళ్తాడు. ఉత్తర్వు ఈలోపు వస్తే, కొత్త డైరీ మొదటి పేజీలో నేనే అతికించి పంపుతాను.

ఇట్లు,
ఒక తల్లి