ఆడిటర్‌ను ఎవరు నియమించాలి?

సంపాదకుల వారికి,

నమస్కారం. ఆడిట్ సంస్థల బాధ్యత మీద ఈమధ్య మీ పత్రికలో వచ్చిన వ్యాసం చదివాను. అమెరికాలో ఆర్థర్ ఆండర్సన్ అనే ఆడిట్ సంస్థకు పట్టిన గతి ఇక్కడా ఒకటి రెండు సంస్థలకు పడితే తప్ప మిగతావాళ్లకు బుద్ధి రాదని వ్యాసకర్త అన్నారు. ఆయన కోపం అర్థమైంది. కానీ ఆండర్సన్ మూతపడిన తీరు ఒకసారి తిరగేస్తే ఆ వాదనకు బలం చాలదనిపిస్తుంది.

1913లో షికాగోలో మొదలైన ఆ సంస్థ 2001 నాటికి ప్రపంచంలోని ఐదు పెద్ద ఆడిట్ సంస్థల్లో ఒకటి. దాదాపు 85 వేల మంది పనిచేసేవారు. హ్యూస్టన్‌లోని ఇంధన వ్యాపార కంపెనీ ఎన్రాన్ దానికి పెద్ద క్లయింట్. 2000లో ఎన్రాన్ నుంచి ఆండర్సన్‌కు ముట్టిన 5.2 కోట్ల డాలర్లలో ఆడిట్ ఫీజు రెండున్నర కోట్లే. మిగతా 2.7 కోట్లూ సలహాలకూ ఇతర పనులకూ వచ్చినవి. ఇంత ఆదాయం ఇచ్చే చోట ‘ఈ పద్దు తప్పు’ అని నోరు విప్పేదెవరు?

ఒకాయన విప్పాడు. ఆండర్సన్‌లోనే అకౌంటింగ్ ప్రమాణాలు చూసే విభాగంలో పార్ట్‌నర్‌గా ఉన్న కార్ల్ బాస్, ఎన్రాన్ లెక్కలకు అభ్యంతరాలు చెప్పాడు. అది ఎన్రాన్‌కు రుచించలేదు. 2001 మార్చిలో ఆయన్ని ఆ ఖాతా నుంచి తప్పించారు. మొత్తం వ్యవహారంలో నన్ను ఎక్కువ కలవరపెట్టేది ఇదే. తప్పు పట్టగలిగినవాడు సంస్థలో ఉన్నాడు, పట్టాడు కూడా. క్లయింట్ ముఖం చిట్లించగానే పక్కకు జరిగాడు.

ఆ తర్వాతి సంగతులు చాలామందికి తెలిసినవే. నవంబరులో ఎన్రాన్ తన పాత లాభాలకు 58.6 కోట్ల డాలర్ల కోత పెట్టుకుంది, డిసెంబరు 2న దివాలా పిటిషన్ వేసింది. అంతకుముందే ఆండర్సన్ హ్యూస్టన్ ఆఫీసులో కట్టలకొద్దీ కాగితాలు ష్రెడ్డర్‌లో పడ్డాయి, ఈమెయిళ్లు చెరిగిపోయాయి. 2002 జూన్‌లో జ్యూరీ ఆ సంస్థను దోషిగా తేల్చింది ఈ పనికే, అంటే విచారణకు అడ్డుపడినందుకు. తప్పుడు లెక్కల కింద సంతకం పెట్టినందుకు కాదు! ఆగస్టు ఆఖరుకల్లా అమెరికాలో లిస్టెడ్ కంపెనీల ఆడిట్ నుంచి ఆండర్సన్ తప్పుకుంది. 2005లో అక్కడి సుప్రీంకోర్టు, జ్యూరీకి ఇచ్చిన సూచనలు సరిగా లేవంటూ ఆ తీర్పును ఏకగ్రీవంగా కొట్టేసింది. అప్పటికి ఊరట పొందడానికి చెప్పుకోదగ్గ సంస్థే మిగల్లేదు. ఎన్రాన్ ఫైలు ముట్టని వేలమంది వేరే ఉద్యోగాలు వెతుక్కున్నారు. ఐదు పెద్ద సంస్థలు నాలుగయ్యాయి, అంతే.

మరి మిగిలిన నాలుగూ భయపడ్డాయా? మన హైదరాబాద్ సంగతే చూడండి. ఎన్రాన్ కూలిన ఏడేళ్లకు, 2009 జనవరి 7న సత్యం కంప్యూటర్స్ ఛైర్మన్ రామలింగరాజు తన లేఖలో ఒప్పుకున్నదేమిటంటే, పుస్తకాల్లో చూపిన 5,361 కోట్ల రూపాయల నగదు, బ్యాంకు నిల్వల్లో 5,040 కోట్లు అసలు లేవని. ఆడిట్ చేసింది ప్రైస్ వాటర్‌హౌస్, ఆ నాలుగు పెద్ద నెట్‌వర్కుల్లో ఒకదానికి చెందిన సంస్థ.

బ్యాంకులో పనిచేసినవాణ్ణి కాబట్టి ఇక్కడ ఒక మాట. కంపెనీకి డిపాజిట్ ఉందో లేదో తేల్చుకోవాలంటే ఆడిటర్ బ్యాంకుకు నేరుగా రాయాలి, జవాబు కూడా నేరుగా ఆయనకే రావాలి. మా బ్రాంచికి వచ్చిన అలాంటి ఉత్తరాలకు నేనే జవాబులు పంపాను. లెడ్జరు చూసి అంకె వేసి సంతకం పెట్టడమే, పెద్ద విద్యేం కాదు. సత్యం విషయంలో ఆ ఉత్తరాలు పంపడం, జవాబులు తెప్పించడం మొత్తం కంపెనీ చేతికే వదిలేశారని అమెరికా సెక్యూరిటీస్ కమిషన్ 2011 నాటి ఆదేశంలో పేర్కొంది. పరీక్ష రాసే కుర్రాడి చేతికే జవాబు పత్రాలు దిద్దమని ఇచ్చినట్టుంది.

2013 కంపెనీల చట్టం కొంత మేలు చేసింది. ఒకే ఆడిట్ సంస్థ లిస్టెడ్ కంపెనీలో వరుసగా పదేళ్లకు మించి ఉండకూడదు. ఆడిట్ చేస్తున్న కంపెనీకే మేనేజ్‌మెంట్ సేవల వంటివి అమ్ముకోవడం కుదరదు. 2018లో ఆడిటర్ల పనిని పర్యవేక్షించే ఎన్‌ఎఫ్‌ఆర్‌ఏ (నేషనల్ ఫైనాన్షియల్ రిపోర్టింగ్ అథారిటీ) వచ్చింది. కానీ ఆడిటర్ పేరు సిఫారసు చేసేది ఇప్పటికీ కంపెనీ బోర్డే, ఫీజు ఇచ్చేదీ కంపెనీయే. వాటాదారుల సమావేశంలో ఓటింగ్ జరుగుతుంది నిజమే, నాలాంటి చిన్న వాటాదారులు అక్కడ ఏం తేలుస్తారో మీకు తెలియనిది కాదు.

ప్రభుత్వ కంపెనీల్లో ఆడిటర్‌ను నియమించేది కాగ్. పెద్ద లిస్టెడ్ కంపెనీలకూ అలాంటి ఏర్పాటే కావాలి. అర్హత ఉన్న సంస్థల జాబితా నుంచి ఎన్‌ఎఫ్‌ఆర్‌ఏ నియమించాలి, ఫీజు కంపెనీ నుంచి వసూలు చేసి తానే చెల్లించాలి. ప్రభుత్వం వేలు పెడితే పని సాగదని కొందరంటారు. ఆ జాప్యాలు బ్యాంకులో నేనూ చూశాను కాబట్టి కాదనను. అయినా ఆడిటర్‌కు కొంత ఆలస్యంగా ఫీజు రావడం వేరు, మదుపరి డబ్బు మాయం కావడం వేరు.

శిక్ష విషయంలోనూ, సంస్థ తలుపులు మూయించడం కంటే సంతకం చేసిన పార్ట్‌నర్ మీద, ఆయనకు వత్తాసు పలికిన పై అధికారుల మీద చర్య తీసుకోవడం న్యాయం. ఇంకొకటి. ఆడిట్ నడుస్తుండగా అభ్యంతరం చెప్పిన పార్ట్‌నర్‌ను మారిస్తే, మార్చిన కారణమూ ఆయన రాసిన అభ్యంతరమూ వారం లోగా ఎన్‌ఎఫ్‌ఆర్‌ఏకు పంపాలన్న నిబంధన పెట్టాలి.

ఇట్లు,
ఒక విశ్రాంత బ్యాంకు ఉద్యోగి,
విజయవాడ