వార్షిక నివేదిక: దివ్యాంగ డిగ్రీ విద్యార్థుల పరీక్షల కోసం ఈ ఏడాది మనం చేసిన పని

సభ్యులందరికీ నమస్కారం.

పోయిన సర్వసభ్య సమావేశంలో దేవరకొండ వైపు నుంచి వచ్చిన ఒక తల్లి అన్న మాట చాలామందికి గుర్తుండే ఉంటుంది: "నా బిడ్డకు అన్నీ వస్తయి సార్, రాసేటోళ్లే దొర్కుతలేరు." ఆ అమ్మాయికి చూపు లేదు, డిగ్రీ చదువుతోంది. ఆ మాట విన్నాకే ఈ ఏడాది స్క్రైబ్‌ల, అంటే విద్యార్థి చెబుతుంటే పరీక్షలో సమాధానాలు రాసిపెట్టేవాళ్ళ, పనిని అన్నిటికంటే ముందు పెట్టుకున్నాం.

విద్యార్థి సొంతంగా స్క్రైబ్‌ను తెచ్చుకుంటే, ఆ స్క్రైబ్ చదువు ఒక మెట్టు తక్కువ ఉండాలన్నది 2018 కేంద్ర మార్గదర్శకాల్లోని నిబంధన. అంటే డిగ్రీ పరీక్షకు ఇంటర్ వాళ్ళు కావాలి. వాళ్ళకూ కాలేజీ ఉంటుంది, పరీక్షలుంటాయి, కొందరికి ఇంటి దగ్గర పత్తి ఏరే పని ఉంటుంది. ఒప్పుకున్నవాళ్ళు కూడా పరీక్ష రోజు పొద్దున ఫోన్ ఎత్తకపోతే విద్యార్థి పడే టెన్షన్ ఎంతటిదో దగ్గరుండి చూశాం. అందుకే ఇప్పుడు ప్రతి విద్యార్థికీ ఇద్దరిని సిద్ధంగా ఉంచుతున్నాం, బస్సు చార్జీలు సంఘమే ఇస్తోంది.

స్క్రైబ్ దొరికినంత మాత్రాన పని అయిపోదు. రాయించడం కూడా నేర్చుకోవాల్సిన విద్యే. సైన్స్ చదివిన పిల్లాడికి 'ఉపాంత ప్రయోజనం' అన్న అర్థశాస్త్రం మాట కొత్త, 'ఉపాంత్య' అని రాసేస్తాడు. ఎక్కడ పేరా మార్చాలో, ఏ మాట కింద గీత గీయాలో విద్యార్థే చెప్పాలి. అందుకని పరీక్షలకు ముందు ఆదివారాల్లో విద్యార్థినీ స్క్రైబ్‌నూ కలిపి కూర్చోబెట్టి పాత ప్రశ్నపత్రాలు రాయించాం. ఈ ఏడాది చేసిన వాటిలో నాకు అన్నిటికంటే తృప్తినిచ్చింది ఈ ఆదివారాల పనే.

ఒక దెబ్బ కూడా తిన్నాం, అది దాచకూడదు. మొదటి సెమిస్టర్ పరీక్షల్లో ఒక కేంద్రంలో ఆ దేవరకొండ అమ్మాయికి పావుగంట మాత్రమే ఎక్కువ ఇచ్చి పేపరు తీసుకున్నారు. రెండు ప్రశ్నలు మిగిలిపోయాయి. కేంద్ర సామాజిక న్యాయ శాఖ 2018 ఆగస్టు 29న ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం గంటకు 20 నిమిషాలకు తగ్గకుండా ఇవ్వాలి, అంటే మూడు గంటల పేపరుకు ఇంకో గంట. స్క్రైబ్ లేకుండా సొంతంగా రాసుకునే అర్హులైన విద్యార్థికీ ఆ సమయం ఉంటుంది. ఇది ఎవరో దయతలచి ఇచ్చే అదనం కాదు కాబట్టే దాన్ని పరిహార సమయం అని పిలవమన్నారు. చెప్పి రాయించడానికి, చదివించుకుని సరిచూసుకోవడానికి పట్టే సమయం అది. మర్నాడు నేను ఆ కాగితం పట్టుకుని వెళ్ళాను కానీ పోయిన మార్కులు తిరిగి రాలేదు. ముందుగా దరఖాస్తు పెట్టించకపోవడం మన తప్పే.

అప్పటినుంచి పరీక్ష ఫీజు కట్టే రోజే వైకల్యాన్ని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ నకలు, స్క్రైబ్ ఇంటర్ మెమో, మార్గదర్శకాల ప్రతి జోడించి దరఖాస్తు ఇప్పిస్తున్నాం. ఇచ్చినట్టు ముద్ర వేయించుకున్న కాగితం విద్యార్థి చేతిలోనే ఉంటుంది. రెండో సెమిస్టర్‌లో అదే కేంద్రంలో, కింది అంతస్తు గదిలో, ఆ అమ్మాయి నాలుగు గంటలూ కూర్చుని రాయించింది. బయటికొచ్చి ఫోన్‌లో "సార్, చివరి ప్రశ్న కూడా అయింది" అన్నప్పుడు నాకు నోట మాట రాలేదు.

మునుగోడు దగ్గరి ఒక అబ్బాయిది వేరే చిక్కు. బోరు మోటారు దగ్గర కరెంటు షాక్ తగిలి కుడిచేతి వేళ్ళు సరిగా ముడవలేడు. సర్టిఫికెట్‌లో వైకల్యం 40 శాతం లోపే ఉండడంతో స్క్రైబ్ కుదరదన్నారు. సుప్రీంకోర్టు 2021 ఫిబ్రవరి 11న వికాస్ కుమార్ కేసులో, 40 శాతం లేదన్న ఒక్క కారణంతో స్క్రైబ్‌ను నిరాకరించకూడదని తేల్చింది. ఆ తర్వాత 2022 ఆగస్టులో ఇలాంటివారి కోసమే మార్గదర్శకాలు వచ్చాయి. రాయడంలో ఇబ్బంది ఉందని ప్రభుత్వ వైద్యుల బృందం ధ్రువీకరించాలి. ఆ సర్టిఫికెట్ కోసం ఇంకా తిరుగుతున్నాం.

ఇక చదువుకునే సామగ్రి. తెరమీది అక్షరాలను చదివి వినిపించే ఎన్‌వీడీఏ ఉచితం. చూపులేని మైఖేల్ కరన్ 2006లో ఆస్ట్రేలియాలో మొదలుపెట్టిన సాఫ్ట్‌వేర్ అది, తెలుగూ చదువుతుంది. మన డబ్బు హెడ్‌ఫోన్లకే ఖర్చయింది. అసలు అడ్డంకి నోట్సులో ఉంది. లెక్చరర్లు ప్రేమగా ఇచ్చిన ఫైళ్ళు చాలావరకు అచ్చు పనికి వాడే పాత 'అను' ఫాంట్లలో ఉన్నాయి. కంటికి చక్కటి తెలుగే, ఎన్‌వీడీఏకు మాత్రం అర్థంలేని గుర్తుల వరుస. స్కాన్ చేసిన పీడీఎఫ్ అయితే అసలు చదవనే చదవదు. వాటిని కంప్యూటర్ తెలుగు అక్షరాలుగా గుర్తుపట్టే యూనికోడ్‌లోకి మార్చాం. ఫోటో నుంచి అక్షరాలు తీసినప్పుడు ద, ధ, థ కలగాపులగం అవుతాయి. మన రిటైర్డ్ టీచర్లు రోజూ సాయంత్రం కూర్చుని ఒక్కో పేజీ దిద్దారు, వాళ్ళకు చేతులెత్తి నమస్కరిస్తున్నాను. నోట్సు మొదటే యూనికోడ్‌లో టైపు చేయండని కాలేజీలను అడుగుతూనే ఉన్నాం.

కంప్యూటర్‌లో సమాధానాలు టైపు చేసే వెసులుబాటు 2018 మార్గదర్శకాల్లోనే ఉంది. మన పిల్లల్లో ఎవరూ ఇంకా అలా రాయలేదు. ఇద్దరు తెలుగు టైపు చేసే ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు నేర్చుకుంటున్నారు.

వినికిడి లేని విద్యార్థులకు ఈ ఏడాది పెద్దగా ఏమీ చేయలేకపోయాం. మాటను అక్షరాలుగా చూపే ఫోన్ యాప్‌ను తరగతిలో పెట్టి చూశాం కానీ ఫ్యాన్ల చప్పుడులో సగం మాటలు పోయాయి. ఫ్లోరైడ్ జిల్లాగా పేరుపడ్డ మన నల్గొండలో వైకల్యం అనగానే వంకరపోయిన కాళ్ళే గుర్తుకొస్తాయి. చెవి, చూపు, చదవడంలో ఇబ్బంది మన కళ్ళకు ఆనవు. దివ్యాంగుల హక్కుల 2016 చట్టం గుర్తించిన వైకల్యాలు 21.

జమాఖర్చుల పట్టిక విడిగా పంపుతున్నాం. వచ్చే సెమిస్టర్‌కు ఇంకా స్క్రైబ్‌లు కావాలి. మీ ఇంట్లో, మీ వాడలో ఇంటర్ పాసై తెలుగు గుండ్రంగా, వేగంగా రాసే పిల్లలుంటే, ఫీజు నోటిఫికేషన్ రాకముందే పేర్లు ఇవ్వండి.

కార్యదర్శి, నల్గొండ