అయిదో కాగితం

చి. సౌ. మాధవికి నాన్న ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. ఈమెయిలు ద్వారా వారానికొక టర్ను, అంటే ఒక విడత ఎత్తులు, ఆడించే నీ ఆటకు ఏడాది చందా ముందే కట్టించుకున్నావనీ, ఖాతాలో పోగైన డబ్బుతో ఇంకో ప్రోగ్రామరును పెట్టుకోవాలనుకుంటున్నావనీ రాశావు. అది చదవగానే, నువ్వు పుట్టకముందు అరిజోనాలోని టెంపీలో నేనూ నా స్నేహితుడూ అతని గరాజులో నడిపిన తపాలా ఆటల వ్యాపారం కళ్లముందు మెదిలింది. ఆటగాళ్లు తమ ఎత్తులు రాసి పోస్టులో పంపేవారు, మేం వాటిని కంప్యూటరులో కొట్టి, ఫలితాలు అచ్చువేసి మళ్లీ పోస్టులో పంపేవాళ్లం.

ఆ వ్యాపారానికి అమెరికాలో దారి వేసినవాడు రిక్ లూమిస్. హవాయిలో సైన్యంలో ఉండగా 1970లో పోస్టు ద్వారా అణుయుద్ధపు ఆటను మొదలుపెట్టి, ఆ తర్వాత అరిజోనాలో ఫ్లయింగ్ బఫెలో సంస్థను నడిపాడు. 1976లో వచ్చిన ఆయన అంతరిక్ష సామ్రాజ్యాల ఆట స్టార్‌వెబ్‌లో ఒక్కో ఆటకు 15 మంది. 1986లో మేమూ అదే సంఖ్య పెట్టుకున్నాం. టర్నుకు 4 డాలర్లు, రెండు వారాలకొక టర్ను, నాలుగు ఆటలు. కాగితం మీద లెక్క ముచ్చటగానే ఉండేది.

కాని మొదటి టర్నులో 60 డాలర్లు తెచ్చిన ఆట, ఓడినవాళ్లు తప్పుకుంటూ పోగా, పదో టర్నుకు 32 డాలర్లే తెచ్చేది. పైగా మిగిలినవాడి సామ్రాజ్యం పెరిగేకొద్దీ అతనికి పంపవలసిన ఫలితాల కాగితాలూ పెరిగేవి. కవరులో నాలుగు కాగితాలుంటే 22 సెంట్ల స్టాంపు సరిపోయేది. అయిదోది పెట్టామా, తూకం ఔన్సు దాటి 39 సెంట్లు అయ్యేది. వంటింటి త్రాసు మీద కవరు పెట్టి, మార్జిన్లు తగ్గించి, ఆ అయిదో కాగితాన్ని తప్పించడానికి మేం పడ్డ పాట్లు ఇప్పుడు తలచుకుంటే నవ్వొస్తుంది. టైపింగు కష్టం వేరు. ఒకసారి ఒకతని చేతిరాతలో 17వ గ్రహాన్ని నేను 77గా కొట్టాను. అతని ఓడలు ఎటో పోయాయి, ఆ దెబ్బ పొరుగు రాజ్యాలకూ తగిలింది. మొత్తం ఆటను మళ్లీ నడిపి, అందరికీ కొత్త ఫలితాలు ఉచితంగా పంపవలసి వచ్చింది.

ఇవన్నీ తట్టుకున్నాం. తట్టుకోలేకపోయింది అడ్వాన్సుల దెబ్బనే. ఆటగాళ్లు ఒకేసారి 20 డాలర్ల చెక్కు పంపేవారు, టర్ను ఆడినప్పుడల్లా మేం 4 తగ్గించుకునేవాళ్లం. 1987 డిసెంబరులో బ్యాంకులో 1,100 డాలర్లుంటే మురిసిపోయి, 700 పెట్టి వేగంగా అచ్చువేసే ప్రింటరు కొన్నాం. ఆ 1,100లో దాదాపు 900 ఇంకా ఆడని టర్నులదే. మరుసటి ఏప్రిల్లో స్టాంపు 25 సెంట్లయింది, రెండో ఔన్సుకు మరో 20. పాత ధరకు డబ్బు తీసుకున్న టర్నులన్నీ కొత్త ఖర్చుతో పంపవలసి వచ్చింది. అదే నెలలో రెండు ఆటలు ముగిశాయి, ఆడినవాళ్లు మిగిలిన డబ్బు తిరిగి పంపమన్నారు. న్యాయంగా అడిగారు. వాళ్లకు నా జీతంలోంచి చెక్కులు రాశాను.

నీకు స్టాంపుల బెడద లేదు గాని, సర్వరు అద్దె, ఫిర్యాదులకు జవాబులిచ్చే నీ సాయంత్రాలు అవే అయిదో కాగితాలు. చందా సొమ్మును వేరే ఖాతాలో ఉంచి, వారం గడిచాక ఆ వారపు వాటా మాత్రమే ఇవతలికి తెచ్చుకో. ఆ ప్రోగ్రామరుకు మాట ఇచ్చే ముందు, నువ్వు ఇంకా ఆడించవలసిన టర్నులు మొత్తం ఎన్నో లెక్కగట్టి నాకు పంపు.

ఆశీస్సులతో,
నాన్న