వంటగట్టు మీద నీడ పడనివ్వకండి

సంపాదకులకు,

బల్బు కొనేటప్పుడు అందరూ వాట్లే చూస్తారు. వాట్లు కరెంటు వాడకాన్ని చెబుతాయి, వెలుతురు ఎంతో చెప్పేవి ల్యూమెన్లు. అంతకన్నా ముఖ్యం, దీపం ఎక్కడ పెట్టామన్నది. వంటగదిలో సీలింగ్ మధ్య ఒక్క లైటే ఉంటే, గట్టు ముందు నిలబడ్డ మనిషి నీడ సరిగ్గా కోసే కూరగాయల మీదే పడుతుంది. చేతిలో కత్తి ఉన్నప్పుడు అది నిజంగా ప్రమాదం. పై అల్మరాల అడుగున, ముందు అంచుకు దగ్గరగా 4000 కెల్విన్ ఎల్‌ఈడీ స్ట్రిప్ బిగించండి. కెల్విన్ అంటే వెలుతురు రంగును చెప్పే కొలత, 4000 అంటే తెల్లని వెలుతురు. అల్యూమినియం పట్టీలో అమర్చకపోతే వేడి బయటకు పోక త్వరగా మసకబారుతుంది. అద్దానికైతే రెండు పక్కలా, ముఖం ఎత్తులో లైట్లుండాలి. పైనుంచి పడితే కళ్ల కింద నీడలే కనిపిస్తాయి. పడకగదికి పసుపు ఛాయ వెలుతురిచ్చే 2700 కెల్విన్ చాలు. ఈ లైటు పాయింట్లన్నీ గోడలకు ప్లాస్టరింగ్ కాకముందే ఎలక్ట్రీషియన్‌తో గుర్తు పెట్టించుకోవాలి.

— ఒక పాఠకుడు