వెయివర్ ఫారం పెట్టే ముందు ప్లాన్ చదవండి

సంపాదకులకు నమస్కారం.

వీసా ఇంటర్వ్యూల గురించి, విద్యా రుణాల గురించి మీ విద్యా పేజీలో వివరంగా రాస్తున్నారు. అమెరికా వెళ్లే పిల్లలకు హెల్త్ ఇన్సూరెన్స్ ఎంచుకోవడం కూడా అంత ముఖ్యమైన విషయమే. అది మాత్రం ఎవరూ దగ్గర కూర్చోబెట్టి చెప్పరు. నేను అక్కడ ఎమ్మెస్ పూర్తిచేసి, ప్రస్తుతం ఓపీటీలో (చదువయ్యాక విద్యార్థి వీసాపైనే ఉద్యోగం చేసుకోనిచ్చే గడువులో) ఉన్నాను. కొత్తగా వచ్చే మన విద్యార్థులకు గది వెతకడం నుంచి సిమ్ కార్డు ఇప్పించడం దాకా సాయం చేసే బృందంలో పనిచేస్తున్నాను. ఆగస్టు వచ్చిందంటే వాట్సాప్ గ్రూపులో ఒకటే ప్రశ్న: "అక్కా, యూనివర్సిటీ ఇన్సూరెన్స్ వెయివ్ చేసేయొచ్చా?" అంటే, బయటి ప్లాన్ చూపించి యూనివర్సిటీ ప్లాన్ వద్దనొచ్చా అని.

ఎందుకు అడుగుతారో నాకు తెలుసు. ఫీజు బిల్లులో ట్యూషన్ కిందనే ఇన్సూరెన్స్ పేరుతో మరో పెద్ద అంకె కనిపిస్తుంది. అప్పు చేసి వచ్చినవాళ్లకు అది చూస్తేనే గుండె గుభేలుమంటుంది. ఎఫ్-1 (విద్యార్థి) వీసా వాళ్లకు ఇన్సూరెన్స్ ఉండి తీరాలని అమెరికా ప్రభుత్వం నిబంధన పెట్టలేదు, అది యూనివర్సిటీలు పెట్టుకున్నది. కొన్ని యూనివర్సిటీలు బయటి ప్లాన్లు ఒప్పుకుంటాయి, కొన్ని ఒప్పుకోవు. ఒప్పుకునేచోట సెమిస్టర్ మొదట్లోనే గడువు ఉంటుంది, ఆలోపు వెయివర్ ఫారం పెట్టకపోతే డబ్బు కట్టాల్సిందే. ఆ టెన్షన్‌లో, ఇంకా నిద్ర కూడా సర్దుకోని రోజుల్లో, ఎవరో సీనియర్ పంపిన లింకు నొక్కి చవకైన ప్లాన్ కొనేస్తారు.

నా రూమ్మేట్ కూడా అలాగే కొన్నది. రెండో సెమిస్టర్‌లో ఒక రాత్రి కడుపునొప్పితో మెలికలు తిరిగిపోతుంటే ఎమర్జెన్సీకి తీసుకెళ్లాం. అపెండిక్స్ అన్నారు, తెల్లారేలోపు ఆపరేషన్ చేశారు. మర్నాడు ఆమె మంచం పక్కన కూర్చుని ఫోన్‌లో ఆ ప్లాన్ కాగితాలు చదివాను. మొదటి పేజీలో లక్ష డాలర్ల కవరేజీ అని పెద్ద అక్షరాల్లో ఉంది. లోపలికి వెళ్తే ఒక పట్టిక: గదికి రోజుకు ఇంత, సర్జన్‌కు ఇంత, మత్తు డాక్టరుకు సర్జన్ ఫీజులో ఇంత శాతం, స్కానింగ్‌కు ఇంత. ఆస్పత్రి ఎంత వేసినా కంపెనీ ఇచ్చేది ఆ పట్టికలో ఉన్నంతే. ఆ లక్ష డాలర్లకూ ఆమె చేతికి వచ్చిన బిల్లుకూ సంబంధమే లేదు.

తల్లిదండ్రులకు సులువుగా అర్థమయ్యేలా ఒక లెక్క చెబుతాను. ఇవి ఉదాహరణకు వేసుకున్న అంకెలే. ఇన్సూరెన్స్ కంపెనీతో ఉన్న ఒప్పందం ధర ప్రకారం ఆస్పత్రి బిల్లు 30,000 డాలర్లు అయిందనుకోండి. ఒక ప్లాన్‌లో డిడక్టిబుల్ (కంపెనీ ఇవ్వడం మొదలుపెట్టే ముందు మీరు కట్టాల్సింది) 500, ఆ పైన మీ వాటా 20 శాతం, అవుట్ ఆఫ్ పాకెట్ మాగ్జిమమ్ (ఏడాదిలో మీ జేబు నుంచి పోయే గరిష్ఠ మొత్తం) 5,000 డాలర్లు. మొదటి 500 మీవి, మిగిలిన 29,500లో మీ వాటా 5,900, మొత్తం 6,400. కానీ గరిష్ఠ పరిమితి ఉంది కాబట్టి 5,000 దగ్గర ఆగిపోతుంది. చవక ప్లాన్ గదికి రోజుకు 1,500 చొప్పున రెండు రోజులకు, ఆపరేషన్‌కు 3,000 ఇస్తుందనుకోండి. వచ్చేది 6,000, మిగిలిన 24,000 విద్యార్థి నెత్తిన. ఏడాదికి వెయ్యి డాలర్లు మిగిలాయని మురిసిపోయేది ఈ ప్లాన్ చూసే. నన్ను అడిగితే, ప్రీమియం కన్నా ముందు ఆ అవుట్ ఆఫ్ పాకెట్ మాగ్జిమమ్ ఎంతో చూడాలి. ఆ మాటే ప్లాన్‌లో లేకపోతే, దాన్ని పక్కన పెట్టేయమనే చెబుతాను.

రెండోది పాత జబ్బులు. ఆస్తమా, థైరాయిడ్, పీసీఓఎస్ వంటివి ఉన్న పిల్లలు చాలామందే వస్తున్నారు. 2010లో ఒబామా హయాంలో వచ్చిన చట్టానికి లోబడిన ప్లాన్లు పాత జబ్బుల పేరు చెప్పి చికిత్స ఖర్చు ఎగ్గొట్టకూడదు. చాలా యూనివర్సిటీల ప్లాన్లు ఆ కోవలోకే వస్తాయి. ట్రావెల్ ఇన్సూరెన్స్ తరహా ప్లాన్లకు ఆ కట్టుబాటు లేదు. మానసిక ఆరోగ్యానికి కౌన్సెలింగ్ ఉందో లేదో కూడా చూడండి. ఇంటికి దూరంగా, ఉద్యోగం వస్తుందో రాదో అన్న దిగులుతో ఉండే పిల్లలకు అది అక్కరకొస్తుంది. ఈ సంగతి అమ్మానాన్నలతో చెప్పడానికి చాలామంది మొహమాటపడతారు, అందుకే ఇక్కడ రాస్తున్నాను.

ఎక్స్ఛేంజ్ కార్యక్రమాల కింద జె-1 వీసాతో వచ్చేవాళ్లకైతే ప్రభుత్వమే కొలత ఇచ్చింది: ఒక్కో జబ్బుకో ప్రమాదానికో కనీసం లక్ష డాలర్ల కవరేజీ ఉండాలి, డిడక్టిబుల్ 500 డాలర్లు దాటకూడదు. ఎఫ్-1 వాళ్లు కూడా కనీసం ఈ కొలత పెట్టి చూడొచ్చు. కానీ నా రూమ్మేట్ ప్లాన్‌లోనూ లక్ష అనే రాసి ఉంది కాబట్టి అక్కడితో ఆగకుండా లోపలి పట్టిక చదవాలి.

కొన్నాక కూడా ఒక పని మిగిలి ఉంటుంది. మీ గదికి దగ్గర్లో ఉన్న ఆస్పత్రి, అర్జెంట్ కేర్ (చిన్నచిన్న జబ్బులకు వెంటనే చూసే క్లినిక్) ఇన్ నెట్‌వర్క్‌లో, అంటే కంపెనీతో ఒప్పందం ఉన్నవాటి జాబితాలో, ఉన్నాయేమో కంపెనీ సైట్‌లో చూసి పేర్లు రాసి పెట్టుకోండి. "మా ఇన్సూరెన్స్ తీసుకుంటారా" అని అడిగితే తీసుకుంటామనే అంటారు. "ఇన్ నెట్‌వర్కేనా" అని అడగాలి. జ్వరానికి, మడమ బెణికినదానికి అర్జెంట్ కేర్ చాలు. ఎమర్జెన్సీకి వెళ్తే బిల్లు ఎన్నో రెట్లు అవుతుంది. కానీ ఛాతీ నొప్పి, ఊపిరి ఆడకపోవడం లాంటివైతే డబ్బు గురించి ఆలోచించవద్దు. 1986 నాటి చట్టం ప్రకారం ఎమర్జెన్సీ విభాగం ముందు మిమ్మల్ని పరీక్షించి, పరిస్థితి కుదుటపడేలా చూడాలి, డబ్బు ఉందా లేదా అన్నది తర్వాతి సంగతి. 2022 జనవరి నుంచి మరో చట్టం వచ్చింది. పైన చెప్పిన 2010 చట్టానికి లోబడిన ప్లాన్ ఉంటే, ఎమర్జెన్సీలో నెట్‌వర్క్ బయటి ఆస్పత్రికి వెళ్లినా అదనపు బిల్లు వేయకూడదు. రోడ్డు మీద వెళ్లే అంబులెన్స్ మాత్రం దాని కిందికి రాదు.

వెయివర్ అసలే వద్దని నేను అనడం లేదు. భార్యకో భర్తకో అక్కడ ఉద్యోగం ఉండి, ఆ కంపెనీ ప్లాన్‌లో చేరే వీలుంటే నిస్సందేహంగా వెయివ్ చేయండి. చదువు పూర్తయి ఓపీటీకి మారేవాళ్లు యూనివర్సిటీ ప్లాన్ ఏ తేదీన ముగుస్తుందో ముందే కనుక్కోండి. ఉద్యోగం దొరికేదాకా ఇన్సూరెన్స్ లేకుండా తిరుగుతున్నవాళ్లను చూస్తే నాకు భయమేస్తుంది.

కన్సల్టెన్సీల వాళ్లకు ఒక విన్నపం. ఐ-20 (వీసా కోసం యూనివర్సిటీ ఇచ్చే పత్రం) వచ్చినప్పుడే ఆ యూనివర్సిటీ ఇన్సూరెన్స్ పేజీని పిల్లలతో, తల్లిదండ్రులతో కలిసి చదవండి, అరగంట పని. సంపాదకులైన మీరు కూడా జూన్, జూలై నెలల్లో విద్యా పేజీలో దీనికి కాస్త చోటిచ్చి, ఒక యూనివర్సిటీ ప్లాన్‌నూ ఒక చవక ప్లాన్‌నూ పక్కపక్కన పెట్టి చూపిస్తే, విమానం ఎక్కకముందే ఇంట్లో అందరూ కూర్చుని మాట్లాడుకునే వీలుంటుంది.

ఇట్లు,
ఓపీటీలో ఉన్న ఒక తెలుగు విద్యార్థిని, అమెరికా