తైమీర్ బంజరు కాదు: కేంద్ర పెట్రోలియం మంత్రిగారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన కేంద్ర పెట్రోలియం, సహజవాయు శాఖ మంత్రిగారికి,

నమస్కారం. పాడేరు ఏజెన్సీలో చాలా ఏళ్లుగా పిల్లలకి భూగోళం చెబుతున్న టీచర్ని నేను. చమురు వ్యాపారం గురించి మీకు చెప్పేంతదాన్ని కాను. మ్యాపు చదవడం మాత్రం నా పని. ఒక మ్యాపు గురించే ఈ ఉత్తరం.

2016లో మన ప్రభుత్వ రంగ సంస్థలు రష్యాలోని వాంకోర్‌నెఫ్ట్ కంపెనీలో వాటాలు కొన్నాయి. ఓఎన్‌జీసీ విదేశ్ రెండు విడతల్లో 26 శాతం తీసుకుంది. ఆయిల్ ఇండియా, ఇండియన్ ఆయిల్, భారత్ పెట్రో రిసోర్సెస్ కలిసి 23.9 శాతం తీసుకున్నాయి. మొత్తం 49.9. అంటే ఇంచుమించు సగం మన జనం సొమ్ము. ఆ కంపెనీ చమురు తీసే వాంకోర్ క్షేత్రం సైబీరియాలో, క్రాస్నయార్స్క్ ప్రాంతంలోని తురుఖాన్స్క్ జిల్లా ఉత్తరపు కొసన ఉంది. దాని పైన ఉన్న జిల్లా పేరు తైమీర్. వాంకోర్‌ని కలుపుకొని వోస్తోక్ ఆయిల్ అనే భారీ ప్రాజెక్టు ఇప్పుడు ఆ తైమీర్ లోపలికి సాగుతోంది. పయాఖా అనే క్షేత్రం ఆ జిల్లాలోదే. ఆ చమురుని పైపుల్లో తెచ్చి డిక్సన్ దాపున సముద్రపు ఒడ్డున ఓడలకి ఎక్కించాలని ఏర్పాటు. అందులోనూ మన సంస్థలు చేరవచ్చన్న మాట 2020 నుంచి అప్పుడప్పుడూ పత్రికల్లో వస్తోంది. నేను చదివిన ఆ వార్తల్లో పీపాల లెక్క ఉంది, డాలర్ల లెక్క ఉంది. మనుషుల లెక్క కనబడలేదు. అది చెబుదామనే కూర్చున్నాను.

ముందు ఆ జిల్లా ఎంతుంటుందో చూడండి. తైమీర్ డోల్గన్–నెనెట్స్ జిల్లా విస్తీర్ణం దాదాపు 8,80,000 చదరపు కిలోమీటర్లు. మన రెండు తెలుగు రాష్ట్రాలూ కలిపితే 2,75,000. అలాంటివి మూడు పట్టినా ఇంకా చోటు మిగిలే నేల ఒకే ఒక్క జిల్లా! పడమట యెనిసెయ్ నది, తూర్పున ఖతంగా నది, దక్షిణాన పుతోరానా పీఠభూమి, ఉత్తరాన బిర్రంగా కొండలు. ఆ కొండలు దాటాక చెల్యూస్కిన్ అగ్రం. ఆసియా, ఐరోపాల ప్రధాన భూభాగం ఉత్తరాన ముగిసేది అక్కడే, 77 డిగ్రీల 43 నిమిషాల అక్షాంశం దగ్గర. ఆపైన సేవెర్నయా జెమ్ల్యా దీవులు కూడా ఈ జిల్లాలోవే. ప్రపంచంలో అన్నిటికన్నా ఉత్తరాన పెరిగే అడవుల్లో ఒకటైన ఆరీ మాస్ ఇక్కడే ఉంది. అక్కడివి లార్చ్ చెట్లు. ఆ అడవి గురించి చెప్పినప్పుడల్లా మా పిల్లలు అడిగే ప్రశ్న ఒకటే: "అంత చలిలో చెట్టెలా బతుకుతుంది టీచర్?" నెమ్మదిగా పెరుగుతుందిరా, అంటాను. ఆ నెమ్మది సంగతి మళ్లీ చెబుతాను.

ఇంత నేలలో 2010 జనాభా లెక్కల ప్రకారం ఉన్నది 34,432 మంది. మన దగ్గర ఒక చిన్న మండలానికి సరిపోయే జనం. వాళ్లలో 22 వేలకు పైగా ఒక్క దుదింకా పట్టణంలోనే ఉన్నారు. అది జిల్లా కేంద్రం, యెనిసెయ్ మీద రేవు. వేసవి మొదట్లో నది మీది మంచు పగిలి వరదగా దిగేటప్పుడు ఆ రేవు ఏటా మునుగుతుంది. అందుకని ముందే క్రేన్లని పైకి తీసుకుపోతారు, వరద పోయాక మళ్లీ దించుతారు. చలికాలంలో దాదాపు నెలన్నర అక్కడ సూర్యుడు ఉదయించడు. దుదింకాని పక్కన పెడితే, మిగతా పన్నెండు వేల చిల్లర మందికి ఒక్కొక్కరికి 70 చదరపు కిలోమీటర్ల పైన వస్తుంది. ఇక సముద్రపు ఒడ్డున ఉన్న డిక్సన్‌లో 1980ల్లో అయిదు వేల దాకా జనం ఉండేవారు. 2010 నాటికి 676 మంది మిగిలారు. సోవియట్ కాలంలో ఓడల దారి కోసం, వాతావరణ కేంద్రాల కోసం తెచ్చి పెట్టిన జనం, ఆ పనులు తగ్గాక వెళ్లిపోయారు. బయటి నుంచి వచ్చినవాళ్లు అలా వస్తారు, పోతారు. పోయే చోటు లేనివాళ్లు వేరే ఉన్నారు.

వాళ్ల గురించి చెప్పే ముందు ఇంకొక్క మాట. గారె మధ్యలో చిల్లులా, ఈ జిల్లా మధ్యలో నోరిల్స్క్ ఉంది. నికెల్ గనుల ఊరు. 2010లో లక్షా డెబ్బై అయిదు వేల జనాభా. చుట్టూ తైమీరే అయినా, పరిపాలన లెక్కలో ఆ ఊరు తైమీర్‌ది కాదు, నేరుగా క్రాస్నయార్స్క్ కిందికి వస్తుంది. ఊరి గీత వేరు సరే, ఊరి నుంచి పారే నీళ్లకి ఆ గీత తెలియదు కదా. 2020 మే 29న నోరిల్స్క్ దగ్గర ఒక విద్యుత్ కేంద్రం ట్యాంకు కూలి 21,000 టన్నుల డీజిల్ బయటపడింది. ఎక్కువ భాగం వాగుల్లో కలిసింది. అంబర్నయా నది ఎర్రగా పారింది. అడుగున గడ్డకట్టి ఉన్న నేల కరిగి ఆధారం కుంగిందని కంపెనీ చెప్పింది. 2021లో కోర్టు 14,600 కోట్ల రూబుళ్ల పైన కట్టమంది. డబ్బు ఖజానాలకి చేరింది. ఆ వైపు నీళ్లలో వలలేసి బతికేవాళ్లకి మాత్రం చేప కావాలి.

మంత్రిగారూ, ఆ నేల మీద పుట్టి పెరిగిన జాతులు అయిదు. డోల్గన్లు, నెనెట్లు, నగనసన్లు, ఎవెంకీలు, ఎనెట్లు. అందరూ కలిసి జిల్లాలో దాదాపు పదివేల మంది. అందులో డోల్గన్లు 5,400 వరకు, నెనెట్లు 3,500 వరకు. డోల్గన్ల మాట తుర్కీ కుటుంబానిది, పొరుగున ఉన్న యాకూత్‌కి దగ్గర. నెనెట్స్, ఎనెట్స్, నగనసన్ మూడూ సమోయెడ్ భాషలు. ఎవెంకీ మళ్లీ వేరే కుటుంబం, తుంగూస్. మూడు భాషా కుటుంబాలు ఒక్క జిల్లాలో! మా మన్యంలో కువి, కోయ, ఆదివాసీ ఒడియా, తెలుగు ఒకే సంతలో వినబడతాయి కాబట్టి నాకిది వింతగా అనిపించదు, దగ్గరగా అనిపిస్తుంది. నగనసన్లు యురేసియా మొత్తంలో అందరికన్నా ఉత్తరాన బతికిన జాతి. దేశం మొత్తం మీద 2010లో వాళ్లు 862 మంది. ఎనెట్లు 227 మంది. ఎనెట్స్ భాష వచ్చు అని ఆ లెక్కల్లో చెప్పినవాళ్లు 43 మంది. మా బడిలో ఒక్క తరగతి గదిలో పట్టేంత మంది.

ఈ జాతుల బతుకు రెయిన్‌డీర్ చుట్టూ అల్లుకున్నది. కొందరివి మచ్చిక చేసిన మందలు, కొందరిది అడవి మందల వేట. డోల్గన్లు స్కీ చెక్కల లాంటి పట్టీల మీద నిలబెట్టిన చిన్న ఇంటిని, రెయిన్‌డీర్ తోళ్లు కప్పి, రెయిన్‌డీర్లతో లాగించుకుంటూ మంద వెంట పోతారు. దాన్ని బాలోక్ అంటారు. మంద మేసేది నేలకి అంటుకుని పెరిగే లైకెన్. అది ఏడాదికి కొన్ని మిల్లీమీటర్లే పెరుగుతుంది. ఒకసారి మేసిన చోటుకి ఏళ్ల తరబడి మళ్లీ రాకూడదు. ట్రాక్టర్ చక్రం తొక్కేస్తే కోలుకోవడానికి దశాబ్దాలు. ఆరీ మాస్ చెట్టు దగ్గర చెప్పిన నెమ్మది ఇదే. కాబట్టి ఒక కుటుంబానికి ఎంతో నేల కావాలి. అందులో ఎక్కువ భాగం ఎప్పుడు చూసినా మనిషి లేకుండానే ఉండాలి. అప్పుడే ఆ బతుకు సాగుతుంది.

ఇక్కడ నాకు మా కొండలు గుర్తొస్తాయి. మా తాత పోడు చేసిన కొండ రెండేళ్లు పంట ఇచ్చాక కొన్నేళ్లు పడుకునేది. పడుకున్న కొండకి బలం వస్తుంది అనేవాడు. సరిగ్గా అది పడుకున్న ఏడాదే సర్వేకి వచ్చినాయన, అక్కడ ఎవరూ కనబడలేదు కాబట్టి బంజరు అని రాసుకుపోయాడు. ఆ ఒక్క మాట చెరపడానికి మా ఇంట్లో రెండు తరాలు తిరిగాయి. తైమీర్ మ్యాపులో ఊళ్ల చుక్కల మధ్య కనిపించే తెల్లటి మేర చూస్తే నాకు ఆ పడుకున్న కొండే కనిపిస్తుంది. అది ఎవరి దారో, ఎవరి మేతో, ఎవరి వేట రేవో అయి ఉంటుంది. వాళ్లు ఈ ఏడాది రాలేదంతే.

ఇదేదో ఊహించి భయపడుతున్నది కాదు. 1960ల చివర మెసోయాఖా నుంచి నోరిల్స్క్‌కి గ్యాసు పైపులైను వేశారు. శరదృతువులో దక్షిణానికి దిగే అడవి మందలు ఆ పైపు దగ్గరికొచ్చి నిలిచిపోయాయి. తర్వాత వాటిని దారి మళ్లించడానికి కిలోమీటర్ల కొద్దీ కంచెలు కట్టాల్సి వచ్చింది. 2000 ప్రాంతంలో తైమీర్ అడవి మంద పది లక్షల వరకు ఉండేదని అంచనా. ఇప్పుడు అందులో సగం కూడా లేదు. దానికి పైపు ఒక్కటే కారణం అనను. నది ఈదుతున్న జంతువుల లేత కొమ్ములు బతికుండగానే కోసుకుపోయే దొంగ వేట ఉంది, వేడెక్కుతున్న వాతావరణం ఉంది. అన్ని వైపుల నుంచీ నలుగుతున్న మంద మీదికి ఇంకొక పైపు, ఇంకొక రోడ్డు వెళ్తున్నాయని మాత్రం అంటాను.

మరి అక్కడివాళ్లు ఎవరికి చెప్పుకోవాలి? 1930 డిసెంబరులో తైమీర్‌ని ఒక జాతీయ ప్రాంతంగా ఏర్పాటు చేశారు. సోవియట్ యూనియన్ పోయాక అది రష్యా సమాఖ్యలో మన రాష్ట్రం లాంటి ఒక రాజ్యాంగ విభాగం. దానికి సొంత శాసనసభ ఉండేది. 2005 ఏప్రిల్ 17న ప్రజాభిప్రాయ సేకరణ జరిపి, 2007 జనవరి 1 నుంచి క్రాస్నయార్స్క్‌లో కలిపేశారు. నాటి నుంచి అది ఆ ప్రాంతంలో ఒక జిల్లా. దుదింకాలో తేలే విషయాలు ఎన్నో వెయ్యి మైళ్ల అవతలికి వెళ్లిపోయాయి. యాభై వేల కన్నా తక్కువ ఉన్న జాతుల హక్కుల కోసం 1999లో రష్యా చేసిన చట్టం ఉంది. చట్టం ఉండటానికీ, గొంతు ఉండటానికీ తేడా ఏమిటో ఏజెన్సీవాళ్లకి ఒకరు చెప్పక్కర్లేదు.

ఇదంతా రష్యా ఇంటి సంగతి, మనకెందుకు అని మీ అధికారులు అనవచ్చు. మనం వాటాదారులం కాకపోతే నేనూ అలాగే అనుకునేదాన్ని. పైగా ఈ విషయంలో మన దేశానికి ఒక అనుభవం ఉంది, అది మా కొండల్లోనే పుట్టింది. అనంతగిరి మండలం బొర్రా పంచాయతీలో గిరిజనుల భూములు ప్రైవేటు గనులకి లీజుకిస్తే, సమత అనే సంస్థ సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 1997 జులై 11న తీర్పు వచ్చింది. ఏజెన్సీ భూములు గిరిజనేతరుల చేతికి పోకుండా చేసిన 1/70 చట్టంలో ఉన్న 'వ్యక్తి' అనే మాటలోకి ప్రభుత్వం కూడా వస్తుందని, ఏజెన్సీ భూమిని గిరిజనేతరులకి లీజుకిచ్చే హక్కు ప్రభుత్వానికీ లేదని కోర్టు చెప్పింది. లాభంలో కనీసం 20 శాతం అక్కడివాళ్ల బాగు కోసం శాశ్వత నిధిగా పెట్టాలని కూడా చెప్పింది. ఏజెన్సీ ప్రాంతాల పంచాయతీల కోసం వచ్చిన 1996 పెసా చట్టం గ్రామసభని అడగమంది. 2013లో ఒడిశాలోని నియమగిరిలో పన్నెండు గ్రామసభల్ని అడిగితే పన్నెండూ వద్దన్నాయి, గని ఆగింది. 2007లో ఐక్యరాజ్యసమితిలో ఆదివాసుల హక్కుల ప్రకటనకి భారత్ అనుకూలంగా ఓటేసింది. రష్యా ఓటింగుకి దూరంగా ఉంది. 2013లో మనకి ఉత్తరధ్రువ ప్రాంత దేశాల కూటమి అయిన ఆర్కిటిక్ మండలిలో పరిశీలక హోదా వచ్చింది. ఆ హోదాకి ఉన్న షరతుల్లో అక్కడి ఆదివాసుల విలువల్ని, ప్రయోజనాల్ని, సంస్కృతిని గౌరవించడం ఒకటి. ఆ షరతుకి ఒప్పుకునే మనం ఆ మండలిలో కూర్చున్నాం.

చమురు వద్దని నేను రాయడం లేదు. మనం వాడే ముడిచమురులో 85 శాతం పైన బయట నుంచే వస్తుందని నాకు తెలుసు. మా ఇంట్లోనూ గ్యాస్ బండే ఉంది. నేనడిగేది మీ చేతిలో ఉన్నదే. తైమీర్ వైపు కొత్తగా ఒక్క రూపాయి పెట్టే ముందు, ఏ మేత నేల ఏ నెలలో ఎవరిది, మంద దారి ఎక్కడ, చేపల నీళ్లు ఎక్కడ అన్నది అక్కడి కుటుంబాలతో కూర్చుని, వాళ్ల భాషల్లో అడిగి రాయించండి. ఆ నివేదికని పార్లమెంటు ముందు పెట్టండి. అక్కడి ఊళ్ల సమ్మతి లేకుండా మన వాటా సొమ్ము కదలదని ఒప్పందంలో ఒక షరతు రాయించండి. సగం వాటా లేదు, 49.9 శాతమే కదా అని మీరు అనవచ్చు. నిజమే, ఆజ్ఞాపించలేం. కానీ అంత వాటా ఉన్నవాడు అడిగితే సమాధానం చెప్పక తప్పదు. ఇప్పటికే ఉన్న వాంకోర్ వాటా మీద వచ్చే లాభంలో, సమత తీర్పు చెప్పిన దామాషాలో కాకపోయినా ఎంతో కొంత, ఆ వైపు పిల్లలు తమ మాటలో చదువుకునేందుకు పంపే ఏర్పాటు చూడండి. 43 మంది మాట్లాడే భాషకి పెద్ద నిధి అక్కర్లేదు. ఒక టీచరు, కొన్ని పుస్తకాలు, పదేళ్ల ఓపిక.

చివరిగా, ఈ ఉత్తరంతో పాటు కొన్ని పేర్లు రాసి పంపుతున్నాను. ప్రాజెక్టు ఫైల్లో క్షేత్రాల పేర్లు ఎలాగూ ఉంటాయి, వాటి పక్కన ఇవి కూడా ఉండాలి: కరౌల్, నోసోక్, వొరొంత్సోవో, తుఖార్ద్, పోతాపొవో, ఉస్త్ అవాం, వొలొచాంకా, ఖతంగా, నోవోరిబ్నయా, సిందాస్కో, పోపిగాయ్. ఇవి తైమీర్‌లో మనుషులున్న ఊళ్లు.

ఇట్లు,
ఒక భూగోళం టీచరు,
పాడేరు, అల్లూరి సీతారామరాజు జిల్లా.