వార్షిక నివేదిక: ఈ ఏడాది ఇంటింటి లెక్కలో తేలినవి

మన ఊరి సంఘం సభ్యులందరికీ నమస్కారం.

జమాఖర్చులు ఆడిట్ అయ్యాయి, నోటీసు బోర్డులో పెట్టాం, చూసుకోండి. వీధిలైట్లు, మురుగుకాలువల పనులు సగం అయ్యాయి, మిగతా సగం కోసం తిరుగుతూనే ఉన్నాం. ఈ నివేదిక మాత్రం దాదాపుగా ఒక్క పని గురించే, ఊళ్లో ఎవరెవరు ఉంటున్నారో ఇంటింటికీ తిరిగి లెక్క తీయడం గురించి. ఏడాదిలో సగం దానికే పోయింది, పోయినందుకు కార్యవర్గంలో ఎవరికీ బాధ లేదు.

పోయిన సర్వసభ్య సమావేశంలో ఊరు ఖాళీ అయిపోతోందని ఒకరంటే, ఎక్కడ ఖాళీ, అద్దెకు ఒక్క ఇల్లు దొరకడం లేదని ఇంకొకరన్నారు. గుర్తుంది కదా, ఎంత గట్టిగా వాదించుకున్నామో. తలుపులు తట్టి చూస్తే ఇద్దరూ చెప్పింది నిజమేనని తేలింది. ఇళ్లు తగ్గలేదు, ఇంట్లో మనుషులు తగ్గారు. ఒకప్పుడు నలుగురు పిల్లలు, ఒక నానమ్మ, అమ్మానాన్న ఉన్న ఇంట్లో ఇప్పుడు రిటైరైన దంపతులిద్దరే ఉంటున్నారు, కొన్నిచోట్ల అందులోనూ ఒక్కరే మిగిలారు. ఇది ప్రపంచమంతటా జరుగుతున్నదే. 1960లలో ఒక స్త్రీకి సగటున దాదాపు 5 మంది పిల్లలు పుట్టేవారు, ఐక్యరాజ్యసమితి 2024 అంచనాల్లో అది 2.25కి వచ్చింది. తరానికి తరం నిలబడాలంటే 2.1 చాలంటారు గానీ, మనలాంటి ఊళ్లకు ఆ లెక్క సరిపోదు, ఎందుకంటే పుట్టినవాళ్లు చదువుకుని ఇక్కడే ఉండిపోవాలి కదా.

లెక్క తీయడం అనుకున్నంత తేలిక కాలేదు. మొదటి వారం పగటిపూట వెళ్లాం. ఫస్ట్ షిఫ్ట్ వాళ్లు డ్యూటీలో ఉన్నారు, నైట్ షిఫ్ట్ చేసి వచ్చినవాళ్లు నిద్రపోతున్నారు, వాళ్లను లేపినందుకు నిజంగా తప్పుగా అనిపించింది. ఆ నిద్ర ఎంత విలువైందో మనలో చాలామందికి తెలుసు. నైట్ షిఫ్ట్ పని క్యాన్సర్‌కు కారణమయ్యే అవకాశం ఉందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2007లోనే చెప్పింది, 2019లో మళ్లీ పరిశీలించి అదే మాట మీద నిలబడింది. అందుకే తర్వాత షిఫ్ట్ మారే వేళల్లో, వీధి మలుపుల్లో నిలబడి వివరాలు రాసుకున్నాం.

అప్పుడు కనబడ్డారు మన రిజిస్టర్‌లో లేనివాళ్లు. ఒక్కో గదిలో నలుగురైదుగురు ఉండే కాంట్రాక్ట్ కార్మికులు, అంతా కుర్రాళ్లే. వయసుల వారీగా గీత గీస్తే పైన పెద్దవాళ్లు నిండుగా, మధ్యలో ఈ కుర్రాళ్లతో మగవాళ్ల వైపు ఉబ్బెత్తుగా, కింద పిల్లలతో సన్నగా వచ్చింది. సాధారణంగా 15 నుంచి 64 ఏళ్ల వాళ్లను పనిచేసేవాళ్లుగా, మిగతావాళ్లను వాళ్ల మీద ఆధారపడ్డవాళ్లుగా లెక్కేస్తారు. ఆ లెక్కన మన ఊరు బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. కానీ ఆ కుర్రాళ్ల జీతం ఎక్కడో ఉన్న వాళ్ల అమ్మానాన్నల కోసం వెళ్తుంది, మన వీధిలో ఒంటరిగా ఉన్న పెద్దాయనకు రాత్రి ఒంట్లో బాగోకపోతే ఆ లెక్క ఆసుపత్రికి తీసుకెళ్లదు. ఇంకో సంగతి, 64 దాటకముందే రిటైరై ఇంట్లో ఉన్నవాళ్లంతా పనిచేస్తున్నట్టే లెక్క. ఆ పెద్దవాళ్లను కనిపెట్టుకుని ఉంటున్న ఆడవాళ్ల చాకిరీ ఏ లెక్కలోనూ లేదు.

చెవి పరీక్షల శిబిరం కూడా ఈ లెక్క వల్లే పెట్టాం, ఎందుకంటే పెద్దల ఇళ్లలో ప్రతి ప్రశ్న మూడుసార్లు అడగాల్సి వచ్చింది. 85 డెసిబెల్స్ మోతలో రోజుకు 8 గంటలు దాటి ఉండకూడదని నిపుణులు చెప్పే హద్దు, అది 88కి పెరిగితే 4 గంటలే. మనవాళ్లు ముప్పై ఏళ్లు మిషన్ల పక్కన నిలబడ్డారు. ఇప్పుడు డ్యూటీ చేస్తున్నవాళ్లు దయచేసి చెవులకు రక్షణ పెట్టుకోండి, పోయిన వినికిడి తిరిగి రాదు.

ఇక అసలు విషయం. మన నియమావళి ప్రకారం సొంత ఇల్లున్నవాళ్లే సభ్యులు. ఊళ్లో ఉండని ఇంటి యజమానికి ఓటు ఉంది, ఆ ఇంట్లో ఉంటూ మన నీళ్లు తాగుతూ మన వీధిలో నడిచే మనిషికి లేదు. ఇది తప్పని కార్యవర్గం అభిప్రాయం. కొందరు ఒప్పుకోలేదు, వచ్చిపోయేవాళ్లకు ఊరి మీద ప్రేమ ఏముంటుందని అడిగారు. కానీ మన నాన్నలూ ఒకప్పుడు పని వెతుక్కుంటూ వచ్చి ఇక్కడ అద్దెగదుల్లో దిగినవాళ్లే.

ఒక ఏడాదిగా ఇక్కడే ఉంటున్న ఎవరైనా సభ్యత్వం తీసుకోవచ్చన్న సవరణను రాబోయే సర్వసభ్య సమావేశంలో ఓటింగ్‌కు పెడుతున్నాం. నైట్ డ్యూటీ దిగి వచ్చేవాళ్లు పొద్దున, ఫస్ట్ షిఫ్ట్ వాళ్లు సాయంత్రం, ఎవరికి వీలైన పూట వాళ్లు వచ్చి ఓటు వేయొచ్చు.